నిద్ర తెలిసిన కాపలా

రాగి కంకి ముదిరే కాలం వచ్చిందంటే తమిళనాడు కృష్ణగిరి జిల్లాలోని హోసూరు, తళి, డెంకణికోట, శూలగిరి పక్కల అడవి అంచు ఊళ్లకు రాత్రుళ్లు నిద్ర ఉండదు. కర్ణాటక వైపు బన్నేరుఘట్ట అడవి నుంచి ఏనుగుల మందలు తళి, జవళగిరి మీదుగా దిగుతాయి. నొగనూరు, ఊడేదుర్గం, సానమావు అడవుల్లో పగలంతా నిలిచి, చీకటి పడ్డాక చేలలోకి వస్తాయి. అక్టోబరు, నవంబరు నుంచి కళ్ళం పని ముగిసేదాకా రైతు టార్చి, టపాసులు దగ్గర పెట్టుకుని మంచె మీద కూర్చుంటాడు. తెల్లవార్లూ ఆయన్ని వేధించే ప్రశ్న ఒకటే: అవి ఇప్పుడు ఎక్కడున్నాయి?

హోసూరు, కృష్ణగిరి మధ్య సాగే 44వ నంబరు జాతీయ రహదారిని కూడా ఈ మందలు దాటుతుంటాయి. 1980లలో ఈ అడవుల నుంచే కొన్ని ఏనుగులు చిత్తూరు జిల్లా కుప్పం, పలమనేరు వైపు సాగి అక్కడే నిలిచిపోయాయి. వాటికోసం 1990లో కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది. తమిళనాడు వైపు 2014లో కావేరి ఉత్తర అభయారణ్యాన్ని, 2022లో కావేరి దక్షిణ అభయారణ్యాన్ని ప్రకటించారు. అడవికి హద్దు గీశారు గానీ ఏనుగు ఆ గీత చూసి ఆగదు. అది ఎక్కడుందో తెలియని భయంలో మనిషి ఎంతకు తెగిస్తాడో పక్క ధర్మపురి జిల్లాలో చూశాం. 2023 మార్చిలో మారండహళ్ళి దగ్గర ఒక చేనుకు అక్రమంగా కట్టిన కరెంటు కంచె తగిలి మూడు ఏనుగులు చనిపోయాయి. వాటితో వచ్చిన రెండు పిల్లలు దిక్కులేనివయ్యాయి.

ఈ పుస్తకంలో ఇంతవరకు లక్ష్యాన్ని ఎంచుకోవడం గురించి మాట్లాడుకున్నాం. ఎంచుకున్న లక్ష్యాన్ని తక్కువ శక్తితో, ఎక్కువ కాలం కనిపెట్టి ఉండటం ఎలాగో ఈ అధ్యాయంలో చూద్దాం. ఇంజనీర్లు ఇదే చిక్కును వైర్‌లెస్ సెన్సర్ నెట్‌వర్క్‌ల్లో పాతికేళ్లుగా విప్పుతున్నారు. వాళ్లు కనుక్కున్న పద్ధతులు ఏనుగు జాడ తీయాలనుకునే విద్యార్థికి నేరుగా పనికొస్తాయి. పరీక్షకు చదివేవారికి, షిఫ్టుల్లో పనిచేసేవారికి, ఇల్లు నడిపేవారికి కూడా అంతే పనికొస్తాయి. ముందు యంత్రం సంగతి పూర్తిగా అర్థం చేసుకుందాం. మన సంగతి దాని వెంటే వస్తుంది.

రెండు సెల్లుల లెక్క

వైర్‌లెస్ సెన్సర్ నెట్‌వర్క్ అంటే చిన్న చిన్న పెట్టెల గుంపు. ఒక్కో పెట్టెలో చప్పుడునో, నేల అదురునో, వేడినో పసిగట్టే సెన్సర్ ఉంటుంది. ఆలోచించడానికి ఒక చిన్న చిప్పు, పక్క పెట్టెతో మాట్లాడటానికి ఒక రేడియో, వీటిని నడపడానికి ఒక బ్యాటరీ ఉంటాయి. అడవి అంచున కరెంటు లైను ఉండదు. వారం వారం బ్యాటరీ మార్చడానికి మనిషి వెళ్లలేడు. ఒకసారి పెట్టి వచ్చాక ఆ పెట్టె తన దగ్గరున్న శక్తితోనే ఏడాది గడపాలి.

2001 మార్చిలో బర్క్‌లీ విశ్వవిద్యాలయ పరిశోధకులు కాలిఫోర్నియా ఎడారిలో ట్వెంటీనైన్ పామ్స్ సైనిక స్థావరం దగ్గర ఒక ప్రయోగం చేశారు. చిన్న మానవరహిత విమానం నుంచి ఆరు సెన్సర్లను రోడ్డు పక్కన జారవిడిచారు. అవి కిందపడి, ఒకదానితో ఒకటి మాట్లాడుకుని, గడియారాలు సరిచూసుకున్నాయి. రోడ్డు మీద వెళ్లిన సైనిక వాహనాలను అయస్కాంత మార్పును బట్టి పసిగట్టి, వాటి వేగం లెక్కకట్టాయి. విమానం మళ్లీ వచ్చినప్పుడు ఆ సమాచారం అందించాయి. మనిషి లేనిచోట చిన్న పెట్టెలు కలిసి లక్ష్యాన్ని కనిపెట్టగలవని అలా తేలింది.

అయితే అవి ఎన్నాళ్లు బతుకుతాయి? బర్క్‌లీలోనే తయారైన టెలోస్ అనే బోర్డును తీసుకుని లెక్క వేద్దాం. దాని రేడియో వింటున్నప్పుడు సుమారు 19 మిల్లీయాంపియర్ల కరెంటు తాగుతుంది. చిప్పు పనిచేయడానికి దాదాపు 2 మిల్లీయాంపియర్లు చాలు. మొత్తం నిద్రపోతే ఖర్చు 5 మైక్రోయాంపియర్లకు, అంటే మిల్లీయాంపియర్‌లో 200వ వంతుకు పడిపోతుంది. గోడ గడియారంలో వేసే సెల్లులు రెండు వేస్తే సుమారు 2500 మిల్లీయాంపియర్ గంటల శక్తి చేతికి వస్తుంది.

రేడియో, చిప్పు రెండూ రోజంతా మెలకువగా ఉంటే 2500ను 21తో భాగించండి. 119 గంటలు వస్తుంది. అయిదు రోజులకు పెట్టె చచ్చిపోతుంది. అదే పెట్టె వందలో ఒక వంతు సమయమే మేలుకుని, మిగతా 99 వంతులు నిద్రపోతే? సగటు ఖర్చు 0.215 మిల్లీయాంపియర్లు. ఇప్పుడు భాగిస్తే 11,600 గంటలు దాటుతుంది. అంటే పదహారు నెలలు. కాగితం మీది ఈ లెక్కలోంచి చలికీ వానకీ కొంత తీసేసినా, ఒక రాగి పంట నుంచి మరో రాగి పంట దాకా పెట్టె బతుకుతుంది.

అవే సెల్లులు, అదే చిప్పు. నిద్ర ఒక్కటే తేడా. ఈ లెక్క అర్థమైనవారికి మిగతా అధ్యాయం సులువు.

మొదటి సూత్రం: ఎంత కచ్చితంగా తెలియాలో ముందు తేల్చుకోండి

కొత్తగా ప్రాజెక్టు మొదలుపెట్టే విద్యార్థి సాధారణంగా అనుకునేది ఇది: ఏనుగు ఏ అడుగులో నిలబడిందో చూపించాలి. ఎందుకు? మంచె మీద ఉన్న రైతుకు ఏనుగు ఉత్తరాన 412 మీటర్ల దూరంలో ఉందన్న సంగతి అక్కర్లేదు. ఈ రాత్రి నా చేను వైపు వస్తోందా లేదా అన్నది కావాలి. తోవలో నడిచి వెళ్లే కూలీకి, ముందున్న మలుపు దగ్గర ఉందా లేదా అన్నది చాలు. అటవీ సిబ్బందికి, మంద ఏ ఏ ఊళ్ల మధ్య ఉందో తెలిస్తే జీపు ఎటు పంపాలో తెలుస్తుంది.

కోయంబత్తూరు జిల్లా వాల్పారైలో తేయాకు తోటల మధ్య ఈ పని చక్కగా చేసి చూపారు. నేచర్ కన్సర్వేషన్ ఫౌండేషన్ శాస్త్రవేత్త ఆనంద కుమార్ బృందం అక్కడ ఏనుగుల జాడ తెలిపే ఎస్సెమ్మెస్‌లు పంపింది. స్థానిక కేబుల్ టీవీలో అడుగున వార్త వేయించింది. మొబైల్‌తో వెలిగించగల ఎర్ర దీపాలను ఎత్తైన చోట్ల నిలబెట్టింది. దీపం వెలిగితే దగ్గరలో ఏనుగులున్నాయని జనానికి అర్థం. ఎన్ని మీటర్లో, ఏ దిక్కో అది చెప్పదు. అయినా ప్రాణాలు కాపాడటానికి అది చాలింది. ఆ కృషికి ఆయనకు 2015లో విట్లీ అవార్డు వచ్చింది.

దీనికి మరో వైపు అదే జిల్లా మదుక్కరైలో ఉంది. అక్కడ రైలు పట్టాల మీద 2021 నవంబరులో ఒకే ప్రమాదంలో మూడు ఏనుగులు చనిపోయాయి. 2024 ఫిబ్రవరిలో అక్కడ కృత్రిమ మేధతో పనిచేసే టవర్లు, థర్మల్ కెమెరాలు పెట్టారు. రైలు డ్రైవరుకు నిమిషాల్లో కబురు అందాలి, పట్టాల మీద ఉందా పక్కన ఉందా అన్నది స్పష్టంగా తెలియాలి. కాబట్టి అక్కడ అంత ఖర్చు న్యాయమే. అవసరాన్ని బట్టి కచ్చితత్వం, కచ్చితత్వాన్ని బట్టి శక్తి ఖర్చు. ఈ వరస తిరగబడితే డబ్బూ బ్యాటరీ రెండూ పోతాయి.

మీ విషయంలో కూడా ఇలాగే అడగండి. ఉద్యోగ పరీక్షలో గట్టెక్కడానికి ఒక పాఠం ఎంత లోతుగా కావాలి? నెల జీతంలో ఇంటి ఖర్చు పైసాతో సహా రాయాలా, వంద రూపాయల లెక్కన రాస్తే చాలదా? కొన్నిచోట్ల పైసా కూడా ముఖ్యమే. ఎక్కడ ముఖ్యమో ముందే రాసిపెట్టుకోండి. అన్నిటినీ ఒకే సూక్ష్మతతో పట్టుకోబోయేవారికి ముఖ్యమైన చోటికి వచ్చేసరికి ఓపిక మిగలదు.

రెండో సూత్రం: చవకైన చెవి ఖరీదైన కన్నును లేపాలి

వందలో ఒక వంతు సమయమే మేలుకుంటే, సరిగ్గా నిద్రలో ఉన్నప్పుడు ఏనుగు దాటిపోదా? మంచి ప్రశ్న. దీనికి ఇంజనీర్లు చెప్పే జవాబు మెట్లు. పెట్టెలో అన్నిటికన్నా తక్కువ కరెంటు తాగే సెన్సర్‌ను మాత్రం ఎప్పుడూ మేలుకొలిపి ఉంచుతారు. నేల అదురును పట్టే జియోఫోన్ అలాంటిది. లోపల తీగచుట్ట, అయస్కాంతం ఉంటాయి. నేల కదిలితే ఆ కదలికే చిన్న విద్యుత్తు పుట్టిస్తుంది. దానికి సొంతంగా కరెంటు అక్కర్లేదు, వెనకున్న సర్క్యూట్‌కు కాస్త చాలు. వేడి శరీరం కదిలితే గుర్తించే పైరో సెన్సర్ కూడా చాలా తక్కువతోనే బతుకుతుంది. అడవుల్లో చెట్లకు కట్టే కెమెరా ట్రాప్‌లు చాలావరకు దాని ఆధారంగానే మేలుకుంటాయి.

ఈ మొదటి మెట్టు ఏదో కదిలింది అంటుంది. అప్పుడు చిప్పు లేస్తుంది. ఆ అదురు బరువైన అడుగుదా, గాలికి ఊగిన కొమ్మదా, దారిన పోయే ట్రాక్టరుదా అని చూస్తుంది. అనుమానం నిలిస్తేనే మైకు, కెమెరా లేస్తాయి. అవీ అవునంటేనే రేడియో లేస్తుంది. నూరు కదలికల్లో తొంభైకి పైగా కింది మెట్ల దగ్గరే ఆగిపోయేలా డిజైన్ చేయడం ఇక్కడి నేర్పు.

మన రోజు చూడండి. ఫోనులో వచ్చే ప్రతి చప్పుడూ నేరుగా మన అతి ఖరీదైన సాధనాన్ని, అంటే మనసు పెట్టి ఆలోచించే శక్తిని లేపుతోంది. మధ్యలో మెట్లు లేవు. మెట్లు కట్టుకోండి. ఇంటివారి ఫోన్‌కాల్ మోగాలి. ఆఫీసు మెసేజ్ గంటకోసారి చూస్తే చాలు. మిగతావి సాయంత్రం. ఏది మిమ్మల్ని లేపవచ్చో మీరే నిర్ణయించండి. హోసూరు సిప్కాట్ పారిశ్రామికవాడలో రాత్రి షిఫ్టు చేసి పగలు పరీక్షకు చదివే కుర్రాడికి ఈ ఒక్క మార్పుతోనే రోజుకు మంచి గంట ఒకటి తిరిగి దొరుకుతుంది.

మూడో సూత్రం: దగ్గరున్నవారే మేలుకోవాలి

సానమావు అడవి అంచున ముప్పై పెట్టెలు పెట్టామనుకుందాం. ఏనుగు పడమటి కొసన ఉంటే తూర్పు కొసన ఉన్న పెట్టె లేవడం దండగ. ఏనుగు నడుస్తుంది గనక, దాని ముందరి రెండు మూడు జాడలను బట్టి రాబోయే పది నిమిషాల్లో ఎక్కడికి చేరుతుందో అంచనా కట్టవచ్చు. ఆ అంచనాలో ఉన్న పెట్టెలను మాత్రమే ముందుగా లేపితే సరి. ఏనుగు దాటిపోయాక వెనకవి మళ్లీ నిద్రపోతాయి. కబురు ఒక పెట్టె నుంచి ఇంకో పెట్టెకు చేతులు మారుతూ ఏనుగు వెంటే నడుస్తుంది.

2002లో ఫెంగ్ జావో తన సహచరులతో కలిసి ఈ ఆలోచనకు స్పష్టమైన రూపం ఇచ్చారు. ఇప్పుడు ఏ సెన్సర్‌ను అడిగితే మన అనుమానం ఎక్కువగా తీరుతుంది? దాన్ని అడగడానికి ఎంత ఖర్చవుతుంది? ఈ రెండూ తూచి ఒక్కదాన్నే లేపమన్నారు. అందరినీ అడిగితే జవాబు కాస్త మెరుగవుతుంది, శక్తి మాత్రం అంతకు ఎన్నో రెట్లు పోతుంది.

ఇదే దశకంలో ఇంకో జబ్బు కూడా బయటపడింది. అందరి కబుర్లూ పోగుచేసి దూరాన ఉన్న కేంద్రానికి పంపే పెట్టె అందరికన్నా ముందు చచ్చిపోతుంది. రేడియోకు దూరం పెరిగేకొద్దీ ఖర్చు దూరపు వర్గంలో, చెట్లూ నేలా అడ్డుపడితే ఇంకా వేగంగా పెరుగుతుంది. 2000లో ఎమ్ఐటీ నుంచి వెండీ హైన్‌జెల్మన్, హరి బాలకృష్ణన్, చెన్నైలో పుట్టిన అనంత చంద్రకాసన్ లీచ్ అనే పద్ధతిని ప్రతిపాదించారు. నాయకత్వం ఒక్కరి నెత్తిన ఉండకుండా వంతులవారీగా మారుతుంది. ఈ విడత ఒకరు, వచ్చే విడత ఇంకొకరు. అప్పుడు ఎవరూ ముందుగా కూలిపోరు, గుంపు మొత్తం ఎక్కువ కాలం నిలుస్తుంది.

ఊరి కాపలాలో వంతులు మన పెద్దలకు తెలిసినవే. ఇళ్లలోనే మరచిపోయాం. పిల్లల చదువు, పెద్దల మందులు, బ్యాంకు పనులు, బంధువుల పిలుపులు అన్నీ గుర్తుపెట్టుకునే మనిషి చాలా కుటుంబాల్లో ఒక్కరే. ఎక్కువగా అది ఇంటి ఇల్లాలే. ఆమె అలసిపోతే ఇల్లంతా ఆగిపోతుంది. ఈ నెల మందుల బాధ్యత కొడుకుది, వచ్చే నెల కూతురిది అని వంతు రాసి గోడకు అంటించండి. సాయం చేస్తానని ఊరికే అనడం వేరు, వంతు తీసుకోవడం వేరు.

నాలుగో సూత్రం: పోగేసింది పంపకండి, తేల్చింది పంపండి

పెట్టె విన్న చప్పుడంతా రికార్డు చేసి రేడియోలో పంపితే బ్యాటరీ రోజుల్లో ఖాళీ. పెట్టె తన దగ్గరే ఆలోచించి, 'బరువైన అడుగులు, ఇంత బలంతో, ఇన్ని గంటలకు' అని నాలుగు అంకెలు పంపితే ఖర్చు ఎన్నో రెట్లు తగ్గుతుంది. రేడియోకన్నా చిప్పు పదో వంతు కరెంటే తాగుతుందని పైన చూశాం. అందుకే ఈ రంగంలో పనిచేసేవారు పంపడంకన్నా ఆలోచించడం చవక అంటారు.

ఆ చివరి కబురు జనానికి చేరే తీరు కూడా ఇందులో భాగమే. తళి, డెంకణికోట, వేప్పనపల్లి పక్కల ఒకే ఊళ్లో తెలుగు, కన్నడం, తమిళం మూడూ వినిపిస్తాయి. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బడిలో తమిళం చదివినవారు ఉంటారు, ఏదీ చదవనివారు ఉంటారు. అలాంటిచోట అక్షరాల్లో వచ్చే హెచ్చరికకన్నా, ఆ ఇంటి భాషలో రెండు ముక్కలు చెప్పే ఫోన్‌కాల్ మేలు. 'సానమావు పక్క ఏనుగులు వచ్చినాయి, చేని దిక్కు పోవద్దండి' అంటే చాలు. అర్థంకాని హెచ్చరిక అందనిదాంతో సమానం.

మీ పై అధికారికి పంపే నివేదిక, వాట్సాప్‌లో ఇంటికి పెట్టే కబురు కూడా ఇలా తూచి చూడండి. చదివేవారు దాంతో ఏం చేయాలో మొదటి వాక్యంలో ఉందా?

అయిదో సూత్రం: గడియారాలు సరిచూసుకోండి

ఈ భాగం కొంచెం దగ్గరగా చూడాలి, ఎందుకంటే ఎక్కువ ప్రాజెక్టులు ఇక్కడే కుప్పకూలుతాయి.

ఆసియా ఏనుగులు మన చెవికి అందనంత మంద్ర స్థాయిలో గుర్రుమంటూ పిలుచుకుంటాయని కేటీ పేన్ 1984లో అమెరికాలోని పోర్ట్‌లండ్ జంతు ప్రదర్శనశాలలో గమనించారు. ఆమె బృందం 1986లో ఆ సంగతి ప్రచురించింది. ఆ పిలుపుల మూల పౌనఃపున్యం 14 నుంచి 24 హెర్ట్జ్. మనిషి చెవికి దాదాపు 20 హెర్ట్జ్ కింద ఏమీ వినిపించదు. ఇలాంటి మంద్ర ధ్వని దూరం వెళ్లినా అంతగా తగ్గదు. శ్రీలంకలో కొలంబో విశ్వవిద్యాలయ పరిశోధకులు 2017లో చవకైన పరికరాలతో ఈ ధ్వనిని పట్టి ఏనుగు జాడ తీసే ప్రయత్నాన్ని ప్రచురించారు.

ధ్వనితో జాడ తీయడం ఇలా సాగుతుంది. గాలిలో శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది. ఒకే పిలుపు మొదటి పెట్టెకు చేరిన అర సెకను తర్వాత రెండో పెట్టెకు చేరిందంటే, రెండో పెట్టెకన్నా మొదటి పెట్టె ఏనుగుకు 171 మీటర్లు దగ్గర. ఈ ఒక్క తేడాతో ఏనుగు ఒక వంకర గీత మీద ఎక్కడో ఉందని తెలుస్తుంది. మూడో పెట్టె ఇంకో గీత ఇస్తుంది. రెండు గీతలు కలిసేచోట ఏనుగు. నాలుగో పెట్టె ఉంటే అనుమానం ఇంకా తగ్గుతుంది.

ఇదంతా నిలవాలంటే మూడు పెట్టెల గడియారాలు ఒకే సమయం చూపాలి. మామూలు క్వార్ట్జ్ గడియారం పది లక్షల సెకన్లకు 20 సెకన్లు తప్పవచ్చు. చిన్న తప్పే కదా అనిపిస్తుంది. రోజుకు 86,400 సెకన్లు. అంటే ఒక్క రోజులో 1.7 సెకన్ల తేడా. దాన్ని శబ్ద వేగంతో గుణిస్తే 590 మీటర్లు! సెన్సర్ బాగుంది, గణితం బాగుంది, అయినా ఏనుగు ఒక ఊరి చేనులో ఉంటే పక్క ఊరి చేనులో చూపిస్తుంది.

మరి నిమిషం నిమిషం గడియారాలు సరిచేస్తూ కూర్చుంటే రేడియో బ్యాటరీని తాగేస్తుంది. జెరెమీ ఎల్సన్, డెబొరా ఎస్ట్రిన్ దీనికి చక్కటి మార్గం చూపారు. ముందుగా సరిచేయకండి, గడియారాలను వాటి తోవన నడవనివ్వండి. ఏదైనా జరిగినప్పుడు ఒక్కో పెట్టె తన గడియారం ప్రకారం సమయం రాసుకుంటుంది. వెంటనే ఒక సంకేతం పంపి, గడియారాల మధ్య తేడా ఎంతో అప్పుడు కొలిచి, రాసుకున్న సమయాలను వెనక్కి సరిచేస్తారు. ఏమీ జరగని రోజుల్లో ఖర్చు దాదాపు శూన్యం.

కలిసి పనిచేసేవారికి ఇది అక్షరాలా వర్తిస్తుంది. రోజూ గంటసేపు మీటింగు పెట్టుకునే బృందాలు అలసిపోతాయి. ఎప్పుడూ మాట్లాడుకోని బృందాల్లో ఒక్కొక్కరి అవగాహన ఒక్కో దిక్కుకు జారుతుంది. ముఖ్యమైనది జరిగిన వెంటనే, అదే రోజు, నీకేం అర్థమైంది నాకేం అర్థమైంది అని పది నిమిషాలు పోల్చి చూసుకోండి. భార్యాభర్తల మధ్య, అన్నదమ్ముల మధ్య డబ్బు మాటల్లో కూడా ఇది తప్పనిసరి. ఆలస్యమైన కొద్దీ తేడా పెరుగుతుందని లెక్కే చెబుతోంది.

ఆరో సూత్రం: తప్పు సాక్ష్యానికి చోటు ఉంచండి

చీమలు పట్టిన పెట్టె, వాన నీరు చేరిన పెట్టె, సెల్లులు అయిపోవచ్చిన పెట్టె తప్పు చెబుతాయి. మూడింట ఒకటి తప్పితే ఏ రెండింటిని నమ్మాలో తేలడమూ కష్టమే. బెంగళూరులో చదువుకున్న ఎస్. ఎస్. అయ్యంగార్, రిచర్డ్ బ్రూక్స్ 1996లో ఒక పద్ధతి ఇచ్చారు. ఒక్కో సెన్సర్ ఒకే అంకె చెప్పకుండా 'ఇంత నుంచి ఇంత మధ్య' అని చెబుతుంది. ఎక్కువమంది పరిధులు ఎక్కడ కలుస్తాయో చూసి, ఆ చోటుకు ఎక్కువ విలువ ఇస్తారు. అబద్ధం చెప్పే పెట్టెలు మొత్తంలో మూడో వంతుకన్నా తక్కువగా ఉన్నంతవరకు ఫలితం దారి తప్పదు.

సలహా అడిగేటప్పుడు కూడా ఇంత నుంచి ఇంత అని చెప్పమనండి. ఈ కోర్సు చేస్తే ఉద్యోగం వస్తుందా అని అడిగితే అవుననో కాదనో వస్తుంది. ఎన్ని నెలలు పట్టవచ్చు, తక్కువలో తక్కువ ఎంత, ఎక్కువలో ఎక్కువ ఎంత అని నలుగురిని అడిగితే, నిజం ఎక్కడ ఉందో మీకే కనిపిస్తుంది.

చేసి చూడవలసినవి

హోసూరు అధియమాన్ ఇంజనీరింగ్ కాలేజీలోనో, బర్గూరు ప్రభుత్వ ఇంజనీరింగ్ కాలేజీలోనో, కుప్పంలోనో చదువుతున్నవారు చివరి ఏడాది ప్రాజెక్టుగా దీన్ని తీసుకోవచ్చు. వరస ఇది.

1. పగటి వేళ అడవి అంచు ఊరికి వెళ్లి రైతులను, అటవీ సిబ్బందిని కలవండి. వారికి ఏ ప్రశ్నకు జవాబు కావాలో వారి మాటల్లోనే రాసుకోండి. అనుమతి లేకుండా రిజర్వు అడవిలో అడుగు పెట్టకండి. రాత్రి వేళ ఏనుగు వెంట వెళ్లకండి. ఏ ప్రాజెక్టూ ప్రాణంకన్నా ఎక్కువ కాదు.

2. కాలేజీ మైదానంలో మూడు పెట్టెలు 50 మీటర్ల ఎడంతో పెట్టండి. ఒక పెట్టె పక్కనే నిలబడి డప్పు కొట్టండి. పక్క పెట్టెకు 146 మిల్లీసెకన్ల తర్వాత వినిపించాలి. ఆ అంకె రాకపోతే గడియారాలు చూడండి.

3. మల్టీమీటరుతో నిద్రలో, ఆలోచనలో, రేడియో పంపేటప్పుడు వేర్వేరుగా కరెంటు కొలవండి. మీ పెట్టె ఎన్ని రోజులు బతుకుతుందో లెక్కవేసి మొదటి పేజీలో రాయండి.

4. రేడియోకు మన దేశంలో లైసెన్సు అక్కర్లేని 865 నుంచి 868 మెగాహెర్ట్జ్ వాడండి. వైఫైకన్నా తక్కువ పౌనఃపున్యం కాబట్టి చెట్ల మధ్య బాగా పోతుంది.

5. తప్పుడు హెచ్చరికలు లెక్కపెట్టండి. నాలుగుసార్లు ఊరికే మోగిన గంటను అయిదోసారి ఎవరూ పట్టించుకోరు. ఆ అయిదోదే నిజం కావచ్చు.

ఇంజనీరింగ్ చదవనివారు ఒక కాగితం తీసుకోండి. ఈ నెల మీరు కనిపెట్టి ఉండవలసిన విషయం ఒక్కటి రాయండి. దాని గురించి ఎంత కచ్చితంగా తెలియాలి, ఏ సంకేతం వస్తే మీరు లేవాలి, మీ వంతు ఎప్పుడు ముగుస్తుంది, తర్వాత ఎవరిది, ఎవరితో ఎప్పుడు సరిచూసుకోవాలి అన్నవి దాని కింద రాయండి. మిగిలిన వేళంతా నిశ్చింతగా నిద్రపోండి, వేరే పని చేసుకోండి. ఆ నిశ్చింత సోమరితనం కాదు, ముందుగా వేసుకున్న లెక్క ఇచ్చే ఫలం.

విద్యార్థులకు చివరగా ఒక విన్నపం. మార్కుల కోసం చేసిన ప్రాజెక్టులు ఏటా అలమారాల్లో చేరుతున్నాయి. మీది అక్కడికి చేరనివ్వకండి. మీ పెట్టె మైదానంలో ఒక నెల నిలిచిందంటే, ఆ లెక్కలన్నీ పట్టుకుని హోసూరు అటవీ డివిజన్ ఆఫీసుకు వెళ్లి చూపించండి. వారు చెప్పే లోపాలు రాసుకుని, మీ తర్వాతి బ్యాచ్‌కు అప్పగించండి. ఒక బ్యాచ్ వంతు ముగిసినచోట ఇంకో బ్యాచ్ మొదలుపెడితే, మూడు నాలుగేళ్లలో ఈ జిల్లాకు తన చేతులతో చేసుకున్న హెచ్చరిక వ్యవస్థ ఒకటి ఉంటుంది. దానికి కావలసిన చదువు మీ దగ్గర ఉంది. ఈ ఏడే మొదలుపెట్టండి.